ఎడమ కాలి కొలత

మల్లయ్య గొంతు గురించి ముందే చెప్పేయాలి. లేకపోతే ఈ కథ మీకు తలకెక్కదు. మనిషిని చూస్తే ఇంతే, బక్కపలచగా ఉంటాడు. నోరు తెరిచాడంటే మాత్రం మైత్రీవనం మెట్ల మీద కూర్చుని ఇడ్లీ తినే కోచింగ్ పిల్లలు కూడా తలెత్తి చూడాల్సిందే. టైలరుకి అంత గొంతెందుకయ్యా అంటే, సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగినవాడు. ఆ రొదలో మాట వినపడాలంటే అరవాలి కదా. ఊరు వదిలి ముప్ఫై ఏళ్లయినా అరుపు మాత్రం వదల్లేదు.

నాది అతని పక్క షాపు. మ్యాచింగ్ సెంటర్. ఫాల్సు, లైనింగులు, జాకెట్ ముక్కలు అమ్ముతాను. మాది తణుకు. నా పేరు వసుమతి. ఇరవై రెండేళ్లుగా ఒకే గోడకి అటు అతనూ ఇటు నేనూ. అతను కొలత తీస్తూ అరుస్తాడు, భార్య కాంతవ్వ పుస్తకంలో రాస్తుంది. అదీ వాళ్ల పద్ధతి. "ఛాతీ ముప్పై ఆరు! నడుము ముప్పై నాలుగు!" అని అతను అరుస్తుంటే సందులో నడిచే మగవాళ్లు కూడా తిరిగి చూస్తారు. కొత్తలో ఒకసారి నాకు ఒళ్లు మండిపోయింది.

"నా నడుము కొలత బస్సు ఎక్కేవాళ్లకి కూడా కావాలా మల్లయ్య గారూ?" అని దులిపేశాను.

"కొలతకు సిగ్గేందమ్మా?" అన్నాడు, టేపు మెడలో వేసుకుని. "సిగ్గువడి మెల్లగ చెప్తె కాంతవ్వ తప్పు రాస్తది. రైక ఎక్కదు. అప్పుడు సిగ్గెవరికి?"

ఆ రోజు నుంచి నా జాకెట్లన్నీ అతని దగ్గరే.

పనిలో అంత నికార్సయిన మనిషిని నేను చూడలేదు. సనత్‌నగర్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఏడెనిమిదేళ్లు కటింగ్ మాస్టరుగా చేశాడు. అది మూతపడ్డాక ఈ సందులోకి వచ్చాడు. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న డబ్బా అది, రెండు మిషన్లు పడితే మనిషి పక్కకి తిరగడానికి చోటుండదు. రోజూ తొమ్మిదింటికి బోరబండ నుంచి మొగుడూ పెళ్లాం స్కూటర్ మీద వస్తారు. హాస్టల్ ఆడపిల్లల డ్రెస్సులు బిగించడం, వదులు చేయడం, ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాళ్ల పాంట్లు సరిచేయడం, పనికేం లోటు లేదు. పావు అంగుళం తేడా వచ్చిందా, గిరాకీ మనిషి "పర్లేదన్నా" అంటున్నా వినడు, విప్పేస్తాడు. "నీకు పర్లేకపోవచ్చు, నాకు నిద్ర వట్టదు" అంటాడు. విప్పేటప్పుడు ఎవరైనా తొందరపెడితే మాత్రం నోటికొచ్చినట్టు తిడతాడు.

పెళ్లయిన తొమ్మిదేళ్లకి వాళ్లకి అనిత పుట్టింది. ఒక్కతే కూతురు. పుట్టుకతోనే ఎడమ కాలు పొట్టి. రెండు ఆపరేషన్లు చేయించారు. కొంత సర్దుకుంది కానీ తేడా పూర్తిగా పోలేదు. ఎడమ బూటు అడుగున మందపాటి అట్ట వేయించి ఇచ్చారు. అది తొడుక్కుంటే పిల్ల తిన్నగానే నడుస్తుంది, కొంచెం ఊగుతుంది అంతే.

ఆ బూటు కనపడకుండా ఉండటానికి మల్లయ్య పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. చిన్నప్పుడు నేలని ఊడ్చే లంగాలు కుట్టాడు. తర్వాత అడుగున వెడల్పుగా, బూటు మీదుగా నేల దాకా జారే పాంట్లు. ఎడమ పక్క బట్ట ఎంత వదలాలో, మడత ఎక్కడ పడాలో, చూసేవాళ్ల కన్ను ఎక్కడికి పోతుందో అన్నీ లెక్కే. పండక్కి ఆ పిల్ల కొత్త డ్రెస్సు వేసుకుని వస్తే నేను గడ్డం కింద వేలు పెట్టుకుని చూసేదాన్ని. "మీ చేతికి దణ్ణం పెట్టాలి మల్లయ్య గారూ, బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు" అనేదాన్ని. అతను మురిసిపోయేవాడు. పిల్ల పక్కనే నిలబడి వినేది. నేనేం అంటున్నానో ఒక్కసారైనా ఆలోచించానా? లేదు. పైగా మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను.

అనితకి పదిహేడేళ్లు వచ్చాయి. ఇంటర్ రెండో సంవత్సరం. పంజాగుట్టలో సురేందర్ అని ఆటల మాస్టారు ఒకాయన ఉన్నాడు. ఆదివారం ఆదివారం ఒక స్కూలు గ్రౌండులో పిల్లల్ని ఆడిస్తాడు. ఆయన దగ్గర నడవగలిగినవాళ్లూ, నడవలేనివాళ్లూ, చూపు ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ అంతా ఒకే జట్టు. వేరు వేరు ఆటలు పెడితే ఒప్పుకోడు. అనిత అక్కడ చేరి ఎనిమిది నెలలు పరుగు నేర్చుకుంది. కాంతవ్వ వెళ్లి చూసొచ్చేది. మల్లయ్య మాత్రం ఒక్క ఆదివారం కూడా వెళ్లలేదు. "గిరాకీ ఉంటది" అనేవాడు. ఆదివారం మా సందులో ఏ గిరాకీ ఉంటుందో నాకు తెలియదా? కూతురు పరిగెత్తడం చూడాలంటే అతనికి భయం.

డిసెంబరులో ఆ పిల్లలందరికీ ఆటల పండుగ పెట్టారు. రెడీమేడ్ బట్టలు ఈ పిల్లలకి కుదరవు. అందుకని సురేందర్ నలభై మందికి పాంటూ షర్టూ కుట్టమని మల్లయ్యనే అడిగాడు. పసుపు రంగు జట్టు, నీలం రంగు జట్టు.

కొలతలు నా షాపులో తీశారు, అతని డబ్బాలో చక్రాల కుర్చీ తిరగదు కనుక. కాంతవ్వకి అంచుల పని మీద తీరిక లేక పుస్తకం నేను పట్టుకున్నాను. తల్లులు మొదట పిల్లల్ని వెనక్కి దాచుకుంటూ వచ్చారు. మల్లయ్య ఒక్కొక్కరి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కుడి చెయ్యి ఇరవై రెండు! ఎడమ చెయ్యి పదమూడు!" అని అందరికీ అరిచినట్టే అరిచాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయిన పిల్లాడు ముందు బిత్తరపోయాడు, తర్వాత పకపకా నవ్వాడు. చక్రాల కుర్చీలో వచ్చిన బబ్లూని కూర్చోబెట్టే కొలిచాడు. "కూసునే మనిషికి నిలవడ్డ కొలత ఎందుకు?" అని వెనక నడుము ఎత్తుగా, ముందు దిగువగా రాయించాడు. వెనక జేబు వద్దన్నాడు, ఒత్తుకుంటుందట. కాలికి ఇనుప పట్టీ ఉన్న పిల్లకి పాంటు పక్కన పొడుగునా జిప్పు పెట్టాడు. సాయంత్రానికి తల్లులు దాచుకోవడం మానేశారు. ఒకావిడ నా కౌంటరు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంది. "మావాడి కొలత ఇంత ధైర్యంగా ఎవరూ చెప్పలేదండీ" అంది.

ముప్ఫై తొమ్మిది మంది అయ్యారు. చివర అనిత వచ్చి స్టూలెక్కి నిలబడింది. మల్లయ్య టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

"నా బిడ్డ కొలత నాకు తెల్వదా? దిగు బిడ్డా, ఆకలైతలేదా నీకు?" అన్నాడు.

నేను పేజీ పైన 'అనిత' అని రాసి ఉంచాను. కింద ఖాళీ. అతను బయటికి వెళ్లాక పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, మీరన్న రాయండ్రి. ఎడమ కాలుది బూటు పైకే ఆగాలె. బట్ట కిందికొస్తె ఉరుకుతుంటె కాళ్లల్ల పడ్తదని సురేందర్ సార్ చెప్పిండు. బూటు కనవడితె కనవడనీ. నేను ఉరుకుతనని అందరికీ తెల్వాలె ఆంటీ. నాన్నకు సుత."

"రాస్తాలేమ్మా" అన్నాను.

రాయలేదు. మర్చిపోయి కాదు. పిల్ల వెళ్లిందనుకుని మల్లయ్య దగ్గరికి వెళ్లి, పెద్దమనిషి తరహాగా గొంతు తగ్గించి, "చిన్నపిల్ల, దానికేం తెలుసు మల్లయ్య గారూ? ఊరంతా వస్తారు, ఫొటోలు తీస్తారు. ఎప్పటిలాగే కాస్త కిందికే ఉంచండి. చూసేవాళ్లకి బాగుంటుంది" అన్నాను. అతను తలూపాడు. నేను చెప్పకపోయినా అదే చేసేవాడేమో. కానీ చెప్పాను కదా. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు కంపరమెత్తుతుంది.

పండుగ రోజు గ్రౌండు నిండిపోయింది. సున్నం గీతలు, రంగుకాగితాల తోరణాలు, మైకు. మల్లయ్య ఇస్త్రీ తెల్లచొక్కాలో వచ్చి ముందు వరసలో నాకూ కాంతవ్వకీ మధ్య కూర్చున్నాడు. పొద్దుట్నుంచీ ఎవరో ఒకరు వచ్చి అతని చెయ్యి పట్టుకుంటున్నారు, బట్టలు ఎంత బాగా కుదిరాయో అని. నిజంగానే కుదిరాయి. ముప్ఫై తొమ్మిది మందికి గాలి ఆడినంత హాయిగా ఉన్నాయి.

చివరి పందెం రిలే. నలుగురి జట్టు, ఒకరి నుంచి ఒకరికి కర్ర అందించాలి. పసుపు జట్టులో మూడో మనిషి బబ్లూ, నాలుగో మనిషి అనిత. బబ్లూ చక్రాలు తిప్పుతూ దూసుకొచ్చాడు చూడండీ, నీలం జట్టు పది అడుగులు వెనకబడిపోయింది. కర్ర అనిత చేతికి ఇచ్చాడు. పిల్ల పరుగందుకుంది.

అబ్బ, ఏం పరుగమ్మా అది! ఊగుతూ ఊగుతూనే, తల ఎత్తి, ఒక్కొక్క అడుగూ నేలని తన్ని మరీ వేస్తోంది. మల్లయ్య సీట్లోంచి సగం లేచాడు. నోరు తెరుచుకుని ఉండిపోయాడు. పదిహేడేళ్లలో మొదటిసారి చూస్తున్నాడు మరి.

ఏడో అడుగో ఎనిమిదో అడుగో. ఎడమ బూటు పాంటు అంచు మీద పడింది. బట్ట లాగింది. పిల్ల బోర్లా పడిపోయింది.

నీలం జట్టు కుర్రాడు దాటి వెళ్లిపోయాడు. అనిత లేచింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, మోకాలి దగ్గర బట్ట చిరిగింది. ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఇంకో చేత్తో ఆ పాంటుని గుప్పిట పట్టి బూటు పైకి లాక్కుని, అలాగే పరుగెత్తి గీత దాటింది. అప్పుడు కనపడింది అందరికీ ఆ బూటు.

జనం చప్పట్లు కొట్టారు. ఎలాంటి చప్పట్లని? 'అయ్యో పాపం' చప్పట్లు. మా వెనక ఒకావిడ, "కాలు అలా ఉంటే పరుగులెందుకండీ పాపం" అంది. కాంతవ్వ తల తిప్పి మొగుణ్ని చూసింది.

"సూసినవా నీ పనితనం" అంది. ఆ అంచు మడిచి కుట్టింది తనే.

అక్కడితో అయిపోయినా బాగుండేది. మైకులో మల్లయ్య పేరు పిలిచారు. పిల్లలందరికీ బట్టలు కుట్టినందుకు శాలువా కప్పుతారట. మన వాళ్లకి శాలువా కప్పకపోతే ఏ సభా ముగియదు కదా. లేవలేక లేచి వెళ్లాడు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన ఎవరో శాలువా కప్పి, మైకందుకుని ఉపన్యాసం మొదలెట్టాడు. "ఇప్పుడే చూశాం, ఒక అమ్మాయి కాలు సహకరించకపోయినా పట్టుదలతో..." అన్నాడు.

కాలు సహకరించింది మహానుభావా! పాంటు సహకరించలేదు! అని నా లోపల ఎవరో అరుస్తున్నారు. అనిత పసుపు జట్టులో కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకుంది. ఎనిమిది నెలల కష్టం. కాలు పరిగెత్తగలదని చూపిద్దామని వచ్చిన పిల్ల. చివరికి ఊరంతా చూసిందేమిటంటే, ఆ కాలు పరిగెత్తలేదని. అది అబద్ధమని చెప్పాల్సినవాళ్లం అక్కడ ముగ్గురం ఉన్నాం, ముగ్గురం నోళ్లు మూసుకున్నాం.

మైకు మల్లయ్యకి ఇచ్చారు, రెండు ముక్కలు మాట్లాడమని. గుమ్మడికాయల దొంగలా శాలువా కింద భుజాలు సర్దుకుంటూ నిలబడ్డాడు. సందంతా అదరగొట్టే ఆ గొంతులోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. మొహమాటం అనుకుని జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

మర్నాడు అతను ఒక్కడే వచ్చి షాపు తీశాడు, కాంతవ్వ రాలేదు. మిషను చప్పుడు లేదు. శాలువా కవరులోనే ఓ మూల పడేసి ఉంది. పూటంతా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. సాయంత్రం కాలేజీ నుంచి అనిత వచ్చింది, మోచేతికి కట్టుతో. సంచిలోంచి ఆ పాంటు తీసి కటింగ్ బల్ల మీద పెట్టింది. ఇక నావల్ల కాలేదు, లేచి అక్కడికి వెళ్లాను.

"అనితా, నన్ను తిట్టమ్మా. నువ్వు చెప్పింది నేను రాయలేదు. కిందికి ఉంచమని మీ నాన్నకి నేనే చెప్పాను" అన్నాను.

"ఎరుకే ఆంటీ" అంది. "మీరు చెప్పేటప్పుడు నేను మీ షాపులనే ఉన్న, బాటిల్ మర్శిపోయి మళ్లొచ్చిన. అంత విన్న."

బల్ల మీది పాంటు చేతిలోకి తీసుకున్నాను. "విని కూడా ఎందుకు తొడుక్కున్నావే తల్లీ?"

"కొలతల కాడ నాన్న ఎవ్వల మాట వినడు కదా" అంది. "మీ మాట సుత వినడనుకున్న. గ్రౌండుల తొడుక్కున్నంకనే ఎరుకైంది."

మల్లయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు. పిల్ల అతని వైపు తిరిగింది. కోపంగా కూడా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది.

"అందరి పిల్లల ముంగట మోకాళ్ల మీద కూసున్నవ్ నాన్నా. బబ్లూకు కొలిచినవ్, చెయ్యి లేనోనికి కొలిచినవ్. నా ఎడమ కాలుకు ఎన్నడన్న టేపు పెట్టినవా?"

నేను ఆ పదిహేడేళ్ల రోజులన్నీ గబగబా వెనక్కి తిప్పి చూసుకున్నాను. నిజం. ఒక్కసారి కూడా లేదు. అంత బట్ట కుట్టాడు, అన్ని లెక్కలు వేశాడు, అంతా కంటి అంచనాతోనే. ఆ కాలుకి టేపు పెట్టిన పాపాన పోలేదు.

అదే సమయానికి హాస్టల్ అమ్మాయిలు ముగ్గురు డ్రెస్సుల కోసం వచ్చారు. ఒకమ్మాయి అనిత కట్టు చూసి, "అయ్యో, నిన్న పడింది నువ్వేనా? వీడియో చూశాం. పాపం, కాలు బాగోనప్పుడు రిస్క్ ఎందుకు?" అంది. మంచి పిల్లే. మంచిగానే అంది.

మల్లయ్య బల్ల వదిలి వాళ్ల ముందుకొచ్చాడు.

"కాలుది కాదమ్మా తప్పు" అన్నాడు. "పాంటుది. బిడ్డ పొట్టిగ కుట్టుమన్నది. నేనే పొడుగు కుట్టిన, బూటు కనవడొద్దని. నాకే సిగ్గయింది."

నేను కూడా సిగ్గుతో చచ్చిపోతూ, "పొడుగు ఉంచమని చెప్పింది నేను" అన్నాను. నన్నెవరూ అడగలేదు. కానీ అతనొక్కడి మీదే వదిలేసి ఊరుకుంటే నాకు మనిషి పుట్టుక ఎందుకు?

మల్లయ్య స్టూలు తెచ్చి సందులో, అందరూ నడిచే చోట వేశాడు. డబ్బాలో చోటు లేక కాదు. అనిత ఎక్కింది. వంగి తనే బూట్లు విప్పి పక్కన పెట్టింది. ఎడమ పాదం స్టూలు మీద ఆనక గాలిలో వేలాడుతుంటే, ఒక చేత్తో నాన్న భుజం పట్టుకుంది. నేను లోపలికి పోయి కొలతల పుస్తకం తెచ్చి ఆమె పేరున్న పేజీ తీశాను. మల్లయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుడి పక్క టేపు పెట్టాడు.

"కుడి కాలు ముప్పై ఎనిమిది!"

రాశాను. ఎడమ పక్క టేపు పెట్టాడు. నడుము దగ్గర నుంచి జార్చి, చీలమండ దగ్గర వేలు ఆపాడు. పెదాలు కదిలాయి. ఏమీ వినపడలేదు. అతని బొటనవేలు ఆపరేషన్ మచ్చ మీద ఆగి ఉంది. హాస్టల్ పిల్లలు చూస్తున్నారు, ఎదుటి జిరాక్స్ షాపు వాళ్లు చూస్తున్నారు. అతని కళ్లలోంచి నీళ్లు టేపు మీద పడ్డాయి.

"ఆంటీకి వినవడలే నాన్నా" అంది అనిత.

అతను కూతురి మొహంలోకి చూశాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఎడమ కాలు ముప్పై అయిదున్నర!"

మైత్రీవనం దాకా వినపడి ఉంటుంది. నేను రాశాను. చదివి వినిపించమంది అనిత. మా పద్ధతి అది కాదు, రాసినవాళ్లు తిరిగి చదవరు. అయినా నేను ఆ సందులో నిలబడి, నా గొంతు ఎంత పెగిలితే అంత గట్టిగా చదివాను.